టకోమాకి కోన్ ఫిల్టర్ బిగించుకోమంటారా? ఫ్రెస్నోకి కొత్తండి

అంబాజీపేట, ఇప్పుడు ఫ్రెస్నో:

అందరికీ నమస్కారమండి. ఉద్యోగం మీద వచ్చి నాలుగు నెలలైంది. 2012 టొయోటా టకోమా పికప్, వీ6 (ఆరు సిలిండర్ల ఇంజను), సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏసీ వేసి ఎత్తు ఎక్కిస్తుంటే బండి బరువుగా లాగుతోంది. ఆఫీసులో ఒకాయన, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి, డబ్బా లేకుండా ఉత్తగా బిగించే గరాటు ఆకారం కోన్ ఫిల్టర్ పెట్టెయ్, పవరూ మైలేజీ రెండూ పెరుగుతాయి అన్నారు. కిట్ ఆర్డర్ పెట్టేశాను, గురువారం వస్తుంది. ఇక్కడి బండ్ల సంగతి నాకేం తెలీదు. శనివారం బిగించేసుకోనా?

పాలకొల్లు, ఇప్పుడు బేకర్స్‌ఫీల్డ్:

బాబూ, గురువారం ఆ పెట్టె వస్తే విప్పకుండా పక్కన పెట్టు. ముందు ఇది చదువు. ఫ్రెస్నో, బేకర్స్‌ఫీల్డ్ ఉన్న ఈ కాలిఫోర్నియా లోయలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను, నువ్వు చేద్దామనుకున్న పని ఒకసారి చేసి చూశాను.

మా నాన్నగారు ట్రాక్టరు నడిపేవారు. సార్వా నూర్పిళ్లప్పుడు పొద్దుట్నుంచి రాత్రిదాకా ఆ నూగులోనే ఉండేవారు. ఆ పాత ట్రాక్టరుకి కాగితం ఫిల్టరు కాదు, ఆయిల్ బాత్. గాలి గొట్టంలోంచి కిందికి దిగి, గిన్నెలో ఉన్న ఆయిల్ మీద పడి, గిరుక్కున మలుపు తిరిగి, తీగల జల్లెడలోంచి పైకి పోతుంది. గాలి తిరుగుతుంది గానీ దుమ్ము అంత తొందరగా తిరగలేదు, ఆయిల్లో పడిపోతుంది. సాయంత్రం క్లిప్పులు తీసి ఆ గిన్నె నా చేతికిచ్చేవారు. వేలు దింపితే గణుపు దాకా నల్లటి మడ్డి. ‘ఇది లోపలికెళ్తే ఇంజను బోరుకొచ్చేస్తుందిరా’ అనేవారు.

ఇక్కడ వరి నూగు లేదు, బాదం దుమ్ముంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా చుట్టూ తోటల్లో చెట్లు దులిపి, రాలిన కాయల్ని మెషిన్లతో ఊడ్చి పోగుచేస్తారు. ఎదర బండి కనపడనంత దుమ్ము లేస్తుంది కొన్ని రోడ్ల మీద. అందులో ఉండేది మట్టి, సన్న ఇసక. సిలిండరు గోడల్నీ పిస్టన్ రింగుల్నీ ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టు అరగదీస్తుంది.

2009లో నా పికప్‌కి కోన్ పెట్టాను. మొదటి వారం పండగే. తొక్కితే గుర్రుమని మోత. ఆ మోత విని బండి దూసుకుపోతోందనుకున్నాను. కంపెనీ డబ్బాకీ గొట్టానికీ మోతని మింగే చిన్న చిన్న గదులుంటాయి. అవి తీసేశాక వినపడింది, అంతే. ఐదో నెలలో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కోడు పీ0171. పెట్రోలుకి గాలి ఎక్కువైపోయిందని కంప్యూటరు అనుకుంటోందన్నమాట.

ఎందుకొచ్చిందో చెప్తాను, ఇది బాగా అర్థం చేసుకో. ఫిల్టరు దాటగానే గొట్టంలో మాఫ్ సెన్సరని ఒకటుంటుంది. అందులో వెంట్రుకంత సన్న తీగ, కరెంటుతో వేడిగా ఉంటుంది. గాలి పోయి దాన్ని చల్లబరుస్తుంటే, మళ్ళీ వేడెక్కించడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఎంత గాలి పోతోందో లెక్కేస్తారు. మొత్తం గాలిని కొలవదు, ఆ గొట్టం వెడల్పు ఫలానా అని ముందే తెలుసు కాబట్టి కొంచెం కొలిచి మిగతాది అంచనా వేస్తుంది. మన లాకుల దగ్గర గేజి చూసి కాలవలో నీరెంత పోతోందో చెప్తారు కదా, అలాగే. కాలవని అక్కడ వెడల్పు చేసేసి పాత గేజీ లెక్కే చదివితే చెప్పింది తప్పవుతుంది. గొట్టం వెడల్పు మారినా, గాలి సుడి తిరుగుతూ వచ్చినా సెన్సరు లెక్క తప్పుతుంది.

నా విషయంలో ఇంకోటి తోడైంది. ఆ కోన్ ఆయిల్ పూసిన నూలు గుడ్డ రకం. కడిగి మళ్ళీ ఆయిల్ పట్టించేటప్పుడు కాస్త ఎక్కువ పోశాను. ఆ తుంపర పోయి తీగ మీద కూర్చుంది. సెన్సరు క్లీనరు కొడితే లైటు ఆరింది గానీ, అదే రోజు గొట్టం లోపలి గోడ మీద వేలు పెట్టి తుడిచాను. విభూతి పూసుకున్నట్టు వేలంతా బూడిదరంగు. ఫిల్టరు దాటిన తర్వాత, ఇంజను వైపు గోడ అది. ఆ సాయంత్రమే పాత డబ్బా పెట్టేశాను.

పవరు సంగతి. మీ డబ్బా బయటి గాలిని పక్క ఫెండరు వైపు నుంచి తీసుకుంటుంది. ఉత్త కోన్ బానెట్ కింద ఇంజను పక్కనే కూర్చుని ఆ వేడి గాలే పీలుస్తుంది. గాలి 40 డిగ్రీల నుంచి 70కి వేడెక్కితే అదే చోటులో బరువు దాదాపు తొమ్మిది శాతం తగ్గిపోతుంది. బరువు తగ్గితే ఆక్సిజన్ తగ్గినట్టే. మన జూలై ఎండలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఏమవుతుందో ఊహించుకో.

మైలేజీ పెరగదు. మామూలుగా పోయేటప్పుడు గాలికి అడ్డం యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ రెక్కే, ఫిల్టరు కాదు. 2009లో ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబ్ వాళ్ళు ఫిల్టర్లకి కావాలని అడ్డం పెట్టి కొలిచారు. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో మైలేజీ పెద్దగా మారలేదు, యాక్సిలరేషన్ మాత్రం పడిపోయింది. నీ బండి బరువుగా లాగడానికి కారణం ఫిల్టరు మూసుకుపోవడమే అయ్యుండొచ్చు. ఆ డబ్బా ఎప్పుడైనా విప్పి చూశావా?

భీమవరం, ఇప్పుడు సాన్ హోసే:

తమ్ముడూ, బాబాయిగారు చెప్పినదానికి చట్టం సంగతి కలుపుతాను. కాలిఫోర్నియాలో కార్బ్, అంటే ఇక్కడి గాలి కాలుష్యం చూసే బోర్డు, ఒప్పుకున్న కిట్‌కే ఈవో నంబరు (ఆమోదం నంబరు) ఇస్తారు, డీ అక్షరంతో మొదలవుతుంది. ఆ స్టిక్కరు బానెట్ కింద కనపడాలి, నీ బండి సంవత్సరానికీ ఇంజనుకీ సరిపోవాలి. 2000, ఆ తర్వాతి పెట్రోలు బండ్లకి స్మాగ్ చెక్‌లో (పొల్యూషన్ పరీక్షలో) బండి కంప్యూటరుకి వైరు తగిలిస్తారు, దాంతోపాటు కంటితో కూడా చూస్తారు.

మావారు కొన్న ట్రక్కుకి ముందు ఓనరు కోన్ పెట్టేసి స్టిక్కరు లేకుండా వదిలేశాడు. కంప్యూటరు పరీక్ష పాసైంది, కంటితో చూడ్డంలో ఫెయిలు. కంపెనీ డబ్బా కోసం పాత బండ్ల యార్డుల చుట్టూ మూడు శనివారాలు తిరిగాం. డబ్బా దొరికితే క్లిప్పు లేదు, క్లిప్పు దొరికితే వాల్వు కవరు నుంచి వచ్చే సన్న గొట్టానికి కన్నం సరిపోలేదు. కాబట్టి ఏం చేసినా మీ పాత డబ్బా, గొట్టం, క్లాంపులు అటక మీద దాచుకో. పారెయ్యకు.

రావులపాలెం, ఇప్పుడు హ్యూస్టన్:

నీళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. కొన్ని కిట్లలో చల్లగాలి కోసం కోన్‌ని బంపరు వెనక కిందకి దించుతారు. 2017లో హార్వీ తుపానప్పుడు మా వీధిలో ఒకాయన అలాంటి బండిని మోకాలి లోతు నీళ్ళలోకి దించాడు. సిలిండర్లోకి నీళ్ళెళ్తే, గాలిని నొక్కినట్టు నీళ్ళని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మన లారీలకి గాలి గొట్టం క్యాబిన్ వెనక నిలువునా ఎందుకు పెడతారనుకుంటున్నారు? ఫ్రెస్నోలో అంత వాన ఉండదు గానీ, కొండల్లో వాగులు దాటే సరదా ఉంటే గుర్తుపెట్టుకో తమ్ముడూ.

అంబాజీపేట, ఇప్పుడు ఫ్రెస్నో:

అందరికీ చాలా థాంక్సండి. కిట్ వివరాల్లో వెతికాను, ఈవో నంబరు ఎక్కడా లేదు. బాబాయిగారూ, డబ్బా విప్పడం నావల్ల అవుతుందా? ఏం చూడాలి?

పాలకొల్లు, ఇప్పుడు బేకర్స్‌ఫీల్డ్:

ఎందుకవదు, పది నిమిషాల పని. ఇంజను చల్లారాక క్లిప్పులు ఊడదీసి మూత ఎత్తు. మడతలు మూసుకుపోతే కొత్త కాగితం ఫిల్టరు వేసెయ్. గాలి కొట్టి దులపకు, కాగితం చిరుగుతుంది. డబ్బా అడుగున ఆకులూ మట్టీ తుడిచెయ్. చుట్టూ ఉండే రబ్బరు అంచు గాడిలో పూర్తిగా కూర్చోవాలి, మూత పెట్టాక ప్రతి క్లిప్పూ టక్కుమనాలి. ఒక్కటి వదులైనా దుమ్ము ఆ సందులోంచే పోతుంది. గొట్టం లోపల వేలు పెట్టి తుడిచి చూడు. మాఫ్‌కి దాని క్లీనరే వాడు, కార్బురేటర్ క్లీనరు వద్దు, తీగని ముట్టుకోకు, పూర్తిగా ఆరాకే బిగించు.

మోత మీద అంత ముచ్చటగా ఉంటే మూసిన డబ్బాలో వచ్చే కిట్లు ఉన్నాయి, ఈవో ఉన్నది చూసి తర్వాతెప్పుడైనా తీసుకో. ఈ బాదం సీజన్ అయ్యాక.

అంబాజీపేట, ఇప్పుడు ఫ్రెస్నో:

విప్పానండి. ఫిల్టరు మడతల మధ్య మట్టి అట్టకట్టి ఉంది, అడుగున బాదం పొట్టు గుప్పెడు. వెనకవైపు క్లిప్పు అసలు పెట్టనే లేదు, అంచు ఒక మూల మడిచిపోయి ఉంది. గొట్టంలో వేలు పెడితే బాబాయిగారు చెప్పిన విభూతే. తుడిచి, మాఫ్ శుభ్రం చేసి, కొత్త ఫిల్టరు వేశాను. సాయంత్రం ఏసీ వేసుకుని ఆబెరీ రోడ్డు ఎత్తు ఎక్కాను, ఈసారి గేరు కిందకి దిగకుండానే లాగింది. కిట్ వెనక్కి పంపేస్తున్నాను. వెయ్యి మైళ్ళయ్యాక మళ్ళీ గొట్టంలో వేలు పెట్టి చూసి ఇక్కడే చెప్తాను.