పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) ఉంది, 31 ఏళ్లకి సీపీఎల్‌కి (కమర్షియల్ పైలట్ లైసెన్స్) పోవచ్చా?

అన్నా, అక్కా, మాది కావలి దగ్గర పల్లె, మా నాయన రొయ్యల గుంటలు చేస్తాడు, నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్. సరదాగా మొదలుపెట్టి పీపీఎల్ తెచ్చుకున్నా, లాగ్‌బుక్‌లో 68 గంటలున్నాయి. మొదటిసారి ఒక్కడినే సెస్నా అనే చిన్న విమానం ఎత్తినప్పుడు పక్క సీటు ఖాళీ, బెల్టు మాత్రం బిగించి కట్టేసి ఉంది, అది చూసినప్పుడే జీవితాంతం ఈ పనే చెయ్యాలనిపించింది, ఆ కోరిక ఇప్పటికీ పోలా.

సీపీఎల్‌కి 200 గంటలు కావాలి, అందులో 100 పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మనదే అయ్యేలా. ఇంటర్ ఎంపీసీనే. కళ్లద్దాలున్నాయి కాబట్టి అప్పు తీసుకోకముందే సీపీఎల్‌కి కావాల్సిన ఆరోగ్య పరీక్ష, క్లాస్ 1 మెడికల్, చేయించుకుందామనుకుంటున్నా, కరెక్టేనా? ఉద్యోగం చేస్తూనే నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పరీక్షలు రాసేసి అప్పుడు మానేస్తే మంచిదా? నాయన ఒక గుంట అమ్ముతానంటున్నాడు, నాకు మనసొప్పట్లా. ఈ వయసులో మారినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.