చేతిలో గిన్నె పట్టుకున్న ఈ రాణి ఎవరు? పాత ఇటలీ తైలవర్ణ చిత్రం గురించి

హనుమకొండ వాసి:
మిత్రులకు నమస్కారం. పరకాల వైపు ఒక పాత గడిలోని సామాను అమ్మినప్పుడు మా మేనమామగారు కొన్న తైలవర్ణ చిత్రం ఇప్పుడు మా ఇంటికి చేరింది. వెనుక అంటించిన ఇటాలియన్ చీటీని చెదలు తినగా ‘రోమా’ అన్న మాట ఒక్కటే మిగిలింది. కిరీటం ధరించిన స్త్రీ బంగారు గిన్నె పట్టుకొని పైకి చూస్తున్నది. ఆమె పక్కన చీకట్లో శిరస్త్రాణం పెట్టుకున్న సైనికుడు ఉన్నాడు. చట్రానికి కొట్టిన ఇత్తడి రేకు మీద క్లియోపాత్రా అని ఉన్నది గాని, పాముకాటుతో చనిపోయిందని చెప్పే ఆ ఈజిప్టు రాణి బొమ్మలలో కనిపించే పాము ఎక్కడా లేదు. ఈమె ఎవరై ఉంటారు? బొమ్మంతా గోధుమరంగుకు తిరిగింది, తడిగుడ్డతో తుడవవచ్చునా?

పాత బొమ్మల ప్రేమికుడు:
రేకును నమ్మకండి, చట్రాలు చేతులు మారుతూనే ఉంటాయి. ఇటలీ చిత్రకారులు గిన్నెతో చూపిన రాణులలో ముగ్గురు ముఖ్యులు. రోమన్ సేనాని ఆంటోనీతో పందెం కాసి ముత్యాన్ని పులిసిన ద్రాక్షరసంలో కరిగించి తాగిన క్లియోపాత్రా అయితే గిన్నె దగ్గర ముత్యం కనిపించాలి. భర్త మౌసోలస్ చితాభస్మాన్ని కలుపుకొని తాగిన ఆర్టెమీసియా అయితే సాధారణంగా అస్థికల పాత్రో, సమాధి కట్టడమో ఉంటుంది. మీ బొమ్మలో సైనికుడు ఉన్నాడు కనుక నా ఓటు సోఫోనిస్బాకే. ఈమె ఉత్తర ఆఫ్రికాలో రోమ్‌కు శత్రువైన కార్తేజ్ రాజ్యపు సేనాని హస్డ్రూబల్ కూతురు, దాని పొరుగున ఉన్న నుమీడియా రాజు సైఫాక్స్ భార్య. క్రీ.పూ. 203లో సైఫాక్స్ ఓడి పట్టుబడగా, రోమన్ల పక్షాన ఉన్న మరో నుమీడియా నాయకుడు మసినిస్సా ఆమెను రోమన్ల చేతికి చిక్కనివ్వనని మాట ఇచ్చి పెళ్లాడాడు. ఆమెను అప్పగించవలసిందేనని రోమన్ సేనాని స్కిపియో పట్టుబట్టడంతో, ఇచ్చిన మాటకు మిగిలిన దారి అదొక్కటేనన్నట్లు విషపు గిన్నె పంపాడు. దాన్ని పెళ్లి కానుకగా స్వీకరిస్తున్నానని చెప్పి ఆమె తాగిందని రోమన్ చరిత్రకారుడు లివీ వ్రాశాడు. మాట నిలబెట్టుకున్న పద్ధతి చూడండి!

రంగుల మరమ్మతు పనివాడు:
తడిగుడ్డ అసలే వద్దు. ఆ గోధుమరంగు ముదిరిన వార్నిష్ కావచ్చు. నీరు పగుళ్లలోకి దిగితే కింది పూత పెచ్చులుగా లేస్తుంది. మన వైపు వానాకాలపు తేమకు కాన్వాసు సాగి, ఎండాకాలంలో బిగుసుకొంటుంది గనుక బయటి గోడకు తగిలించకండి. రోమ్, ఫ్లోరెన్స్ నగరాలలో 18, 19 శతాబ్దాలలో యాత్రికుల కోసం పాత చిత్రాల నకళ్లు విరివిగా వేసేవారు కాబట్టి, విషయం పాతదైనంత మాత్రాన బొమ్మ కూడా అంత పాతది కానక్కరలేదు. ముందు భూతద్దంతో చూడండి. చుక్కలు కనిపిస్తే అది అచ్చుబొమ్మ. తెలుపు రంగులో టైటానియం ఉన్నట్లు పరీక్షలో తేలితే, ఆ భాగం 20వ శతాబ్దంలోనో ఆ తర్వాతనో వేసినదే.

చట్టం తెలిసినవాడు:
నూరేళ్లు దాటిన చిత్రాలకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. విదేశానికి పంపి అమ్ముకొనే వీలు ప్రైవేటు వ్యక్తులకు లేదు.

హనుమకొండ వాసి:
అందరికీ ధన్యవాదాలు. టార్చి వేసి చూశాను, ముత్యం లేదు, అస్థికల పాత్ర లేదు. గిన్నె అడుగున సైనికుడి రెండు వేళ్లు ఇంకా ఆనుకొని ఉన్నాయి, అంటే అతడు అప్పుడే అందిస్తున్నాడు. చుక్కలు కనిపించలేదు గాని కుంచె గీతలు స్పష్టంగా ఉన్నాయి. వెనుకవైపు మేకులు, చెక్క ఫొటోలు రేపు పెడతాను.