గేటు దగ్గర సన్నజాజికి చెక్క ఆర్చి, ఈసారి పడిపోకుండా ఎలా కట్టాలి?

జాజిపందిరి:
అందరికీ నమస్కారం అండి. మాది గుంటూరు దగ్గర పల్లె, నల్లరేగడి నేల. గేటు లోపల దారి మీద నాలుగేళ్ల కిందట సరుగుడు బాదులతో ఆర్చిలాగా కట్టి అమ్మ పెట్టిన సన్నజాజిని దానిమీదకి ఎక్కించాం, బాగా అల్లుకుంది, సాయంత్రం అయితే వీధిలో పోయేవాళ్లు కూడా ఆగేవాళ్లు. మొన్న నవంబర్ వానల్లో ఒక రాత్రి గాలికి మొత్తం ఒరిగిపోయి తెల్లారేసరికి దారికి అడ్డంగా పడుంది. లేపి చూస్తే పై కర్రలన్నీ గట్టిగానే ఉన్నాయి, నాలుగు కాళ్లూ మాత్రం సరిగ్గా నేల మట్టం దగ్గర జానెడు మేర వేలితో నొక్కితే దిగిపోతున్నాయి, లోపలంతా చెదల మట్టి. తీగ వేరు బతికే ఉంది, అమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి చూసుకుంటోంది. ఇనుప పైపుతో చేయించెయ్యమంటున్నారు గానీ మే నెల ఎండకి పైపు కాలిపోతుంది, లేత తీగ మాడిపోతుందని అమ్మకి ఇష్టం లేదు, నాకూ చెక్కే ఇష్టం. ఏ కలప తీసుకోవాలి, కాళ్లు ఎలా పాతాలి, పైన వంపు ఎలా తేవాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చేవకర్ర:
మా నాన్నది వడ్రంగం, నాదీ అదే పని. మీరు చెప్పిన ఆ జానెడు దగ్గరే ఏ కర్రయినా ముందు పోతుంది అండి, ఎందుకంటే అక్కడ తడీ గాలీ రెండూ ఉంటాయి, పైన ఎండకి ఆరిపోతుంది, బాగా లోపల గాలాడదు. దానికితోడు సరుగుడు నేలలో నిలిచే కర్ర కాదు. ఒకటి అడుగుతా, తీగ పాదు కాలు పక్కనే ఉందా? రోజూ నీళ్లు అక్కడే పోసేవాళ్లా?

ఈసారి ఎంత మంచి కర్రయినా సరే మట్టిలో పెట్టొద్దు. నాలుగు గుంటల్లో కాంక్రీటు పోసి, ఒక్కో దాంట్లో రెండంగుళాల ఇనుప ఫ్లాట్లు (బద్దల్లాంటి పట్టీలు) రెండు ఎదురెదురుగా నిలబెట్టి, వాటి మధ్య కర్రని పెట్టి బోల్టులు వెయ్యండి, కర్ర అడుగు కాంక్రీటుకి మూడంగుళాలు పైన ఆగాలి. అప్పుడు చెద ఎక్కాలన్నా ఇనుము మీద మట్టి గొట్టం కట్టుకుంటూ రావాలి, అది కంటికి కనిపిస్తుంది, చీపురుతో గీకేస్తే సరి. కాంక్రీటు నేలకంటే రెండంగుళాలు పైకి తెచ్చి బయటికి వాలుగా నున్నగా చెయ్యండి, నీళ్లు నిలవకూడదు. ఫ్లాట్లకి తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పెయింటు రెండు కోట్లు.

కలప సంగతి, టేకు అయినా వేప అయినా నల్లతుమ్మ అయినా చేవ (లోపలి ముదురు రంగు గట్టి భాగం) ఉన్నది చూడండి, బెరడు కింద తెల్లగా ఉండే భాగం టేకులో అయినా చెదకి తిండే. కొత్త టేకు ఖరీదు కాబట్టి పాత ఇళ్లు పడగొట్టిన కలప అమ్మే అడితిలో అడగండి.

పొలంగట్టు:
ఇంత ఖర్చెందుకు బ్రదర్, కాలిన ఇంజన్ ఆయిల్ మెకానిక్ షాపులో ఇస్తారు, కాళ్లకి మూడుసార్లు పట్టించి పాతెయ్యండి, మా చేలో కంచె గుంజలన్నీ అలాగే పాతాం.

మేడమీదతోట:
కంచెకి సరే అండి, జాజి వేరు పక్కన మాత్రం ఆ ఆయిల్ వద్దు. వానకి మట్టిలోకి దిగుతుంది, పైగా ఆ కాళ్లని పట్టుకునే కదా పూలు కోసేది, దేవుడికి పెట్టే పూలు. లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పట్టించండి, అదీ ముక్కలు విడిగా ఉన్నప్పుడే, కోసిన చివర్లు ఆయిల్ తాగినంతా తాగనివ్వండి. తీగ అల్లుకున్నాక మళ్లీ చెయ్యి దూర్చే సందు దొరకదు.

తీగ గురించి అమ్మగారికి చెప్పండి భయం లేదని. జాజులు ఎలాగూ డిసెంబర్ జనవరిల్లోనే కత్తిరిస్తారు, ఇప్పుడు మోకాలి ఎత్తుకి కోసేసి పశువుల ఎరువు వెయ్యండి, మీ ఆర్చి పూర్తయ్యేలోపు కొత్త చిగుళ్లు వస్తాయి. నున్నటి స్తంభాన్ని జాజి తనంతట తాను పట్టుకోలేదు, పక్కల్లో ప్రతి పది అంగుళాలకి ఒక అడ్డబద్ద ఉండాలి. పాత నూలు చీర అంచు చింపి ఎనిమిది అంకెలాగా వదులుగా కట్టండి, మా జాజికి ఒకసారి బైండింగ్ వైరు కట్టి మర్చిపోతే కాండం లావెక్కి వైరు లోపలికి కోసుకుపోయింది, ఆ కొమ్మ మొత్తం ఎండిపోయింది.

జాజిపందిరి:
చేవకర్ర గారూ, నిజమే, పాదు కాలుని ఆనుకునే ఉంది, నాలుగేళ్లూ నీళ్లు అక్కడే పోశాం. నల్లరేగడి వానకి ఉబ్బి ఎండకి పర్రెలిస్తుంది కదా, కాంక్రీటు నిలుస్తుందా?

చేవకర్ర:
గుంట రెండున్నర అడుగుల లోతు తీసి అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా చెయ్యండి, మట్టి ఉబ్బినప్పుడు దిమ్మని పైకి లాగలేదు. ఇళ్లకి అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బుగా ఉండే పునాది స్తంభాలు, వేసేది కూడా ఈ లెక్కతోనే. అయినా కొంచెం కదులుతుంది, అందుకే పైన కూడా మేకులు కాకుండా బోల్టులు పెట్టండి, ఏడాదికోసారి బిగించుకోవచ్చు. కొత్త కాలు పాదుకి అడుగున్నర దూరంలో రావాలి. లోపల నాలుగడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల ఎత్తు పెట్టుకోండి, తీగ అడుగు కిందకి వేలాడుతుంది. మూలల్లో ఏటవాలు ముక్కలు తప్పకుండా వెయ్యండి, గాలికి ఒరగకుండా ఆపేవి అవే. వంపు కోసం చెక్క కోయిస్తే సగం వృథా, పైన చదరంగా కట్టేసి దానిమీద వెదురు బద్దలు రాత్రంతా నానబెట్టి వంచి కట్టండి, పాడైతే ఆ బద్దలే మార్చుకోవచ్చు.

జాజిపందిరి:
చాలా థాంక్స్ అండి అందరికీ. తాతగారి ఇంటి దూలాలు రెండు గొడ్లచావిడి అటక మీద ఉన్నాయి, ఇవాళ దింపించి గొడ్డలితో ఒక చోట చెక్కి చూశాం, లోపల ముదురు రంగు, టేకు వాసన ఇంకా వస్తోంది. రేపు సామిల్లుకి తీసుకెళ్లి మూడంగుళాల చదరంగా కోయిస్తున్నా.

చేవకర్ర:
ఆగండి, ముందు దూలం నాలుగు వైపులా అయస్కాంతం ఆడించి మేకులు తీసేయండి, రంపం పళ్లు పోతాయి, మిల్లువాళ్లు ఊరుకోరు. కోశాక వారం రోజులు నీడలో పెట్టి అప్పుడు ఆయిల్ పట్టించండి.