వేలం మధ్యలో సర్వర్ ఆగిపోయింది: ఆ లాట్లకు మళ్లీ ధర వేయించాలా, వద్దా?

ప్రశ్న: నర్సంపేట మిర్చి రైతు

మిత్రులందరికీ నమస్కారం. ఫిబ్రవరి చివరి వారంలో 38 బస్తాల తేజ మిర్చిని డీసీఎంలో వేసుకొని మాకు అందుబాటులో ఉన్న ఒక వ్యవసాయ మార్కెట్‌కు తీసుకువెళ్లాను. గొడవ పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు కనుక ఆ మార్కెట్ పేరు రాయడం లేదు. తెల్లవారుజామున గేటు దగ్గర నమోదు చేయించి, లాట్ నంబరు చీటీ తీసుకొని, బస్తాలను వరుసలో దింపించాను. ఖరీదుదారులు వచ్చి కాయను విరిచి, గింజ రాల్చి, రంగు చూసి వెళ్లేదాకా అంతా సజావుగానే జరిగింది. ఫోన్లలో ధరలు నమోదు చేయడానికి పదకొండున్నర వరకు గడువని మైకులో చెప్పారు.

పదకొండు దాటిన కాసేపటికి సర్వర్ మొరాయించింది. నా లాట్ దగ్గర నిలబడ్డ ఒక ఖరీదుదారు ఫోన్‌ను నేనే కళ్లారా చూశాను. ఆయన ధర కొట్టి పంపగానే తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. రెండుసార్లు లాగిన్ నుంచి బయటికి వచ్చేసింది. అదే సమయంలో పక్క షెడ్డులో కొందరికి మాత్రం పనిచేసిందట. పదకొండున్నరకు గడువు ముగిసిందని ప్రకటించి జాబితా పెట్టారు. నా లాట్‌కు రెండే ధరలు పడ్డాయి, అందులో ఎక్కువది క్వింటాలుకు 12,900. మా బాబాయి కాయ కూడా అదే రకం, ఒకే కల్లంలో ఆరినది. దానికి సర్వర్ ఆగకముందే ఏడుగురు ధర వేయడంతో 14,000 పలికింది. దాదాపు 16 క్వింటాళ్ల మీద 1,100 తేడా అంటే 17,600 రూపాయలు. మిర్చి ఏరిన కూలీలకు నేను ఇంకా బాకీ ఉన్నది సుమారుగా అంతే.

ధర నచ్చకపోతే ఒప్పుకోకపోయే హక్కు రైతుకు ఉందని అక్కడివారు చెప్పారు, అది నిజమే. కానీ కిరాయి బండి తిరిగిపోయింది, మరునాడు యార్డుకు సెలవు, రాత్రంతా బస్తాల మీద పడుకొని కాపలా కాయడానికి నాతో మరో మనిషి లేడు. అందుకే ఒప్పుకొని కాంటా పెట్టించాను. ధర వేయలేకపోయిన ఆ ఖరీదుదారు కూడా సరుకు దొరకక ఉత్త చేతులతో వెళ్లిపోయాడు కాబట్టి నష్టం నా ఒక్కడిదే అనడం లేదు. ఇలాంటప్పుడు అమ్మేవారికీ కొనేవారికీ న్యాయంగా ఉండే నియమం ఏది? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: వరంగల్ ఖరీదుదారు

అన్నా, ఇరవై ఏళ్లుగా మిర్చి కొంటున్నవాడిగా మా వైపు సంగతి చెబుతాను. ఖరీదుదారు పొద్దున యార్డులో అడుగుపెట్టేటప్పటికే ఈ రోజు ఎన్ని బస్తాలు కావాలి, ఎంత డబ్బు ఉంది, కోల్డ్ స్టోరేజీలో ఎంత చోటు ఉంది అన్నది లెక్క వేసుకొని వస్తాడు. మనసుపడ్డ పది లాట్లలో ఆరు దొరికితే చాలు అనుకొని ధరలు వేస్తాడు. సర్వర్ మధ్యలో ఆగితే ఏ ధర చేరిందో, ఏది చేరలేదో తెలియదు. చేరలేదనుకొని వేరే లాట్‌కు ఎక్కువ వేస్తే, చివరికి రెండూ మన నెత్తిన పడతాయి. ఆ సరుకు తీసుకోకపోతే మాట తప్పినవాడు అవుతాడు, తీసుకుంటే డబ్బు సర్దలేడు.

నా అభిప్రాయంలో ఆగిన క్షణానికి తెరిచి ఉన్న లాట్లన్నింటిలో పడ్డ ధరలను రద్దు చేసి, అందరికీ మొదటినుంచి అవకాశం ఇవ్వాలి. ఒకరి ధర ఒకరికి కనపడకుండా వేసే పద్ధతిలో ఇది మరీ అవసరం. ఎందుకంటే ఆ గంట విరామంలో అందరం చాయ్ హోటల్ దగ్గరే నిలబడతాం, ఎవరు ఎంత వేశారో మాటల్లో బయటపడుతుంది. ఆ తర్వాత పాత ధరలను అలాగే ఉంచి వేలం కొనసాగిస్తే, విన్నవాడు వంద ఎక్కువ వేసి లాట్ ఎగరేసుకుపోతాడు. నిజాయితీగా తన ధర ముందే వేసినవాడు మోసపోతాడు.

జవాబు 2: హనుమకొండ న్యాయవాది

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలోని 64వ సెక్షన్ ప్రకారం, వేలం నిర్వహించేవారు సుత్తి కొట్టో, అలవాటుగా వస్తున్న మరో పద్ధతిలోనో అమ్మకం పూర్తయిందని ప్రకటించినప్పుడే అది పూర్తవుతుంది. ఆ ప్రకటన వెలువడేదాకా ధర వేసినవారు తమ ధరను వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి జాబితా ప్రకటించకముందు సర్వర్ ఆగితే, మళ్లీ ధరలు వేయించడానికి ఈ సెక్షన్ అడ్డు రాదు. జాబితా వచ్చి, రైతు ఒప్పుకొని, తూకమై తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికి వచ్చాక మాత్రం ఆ అమ్మకాన్ని కదిలించడం చాలా కష్టం. నర్సంపేట సోదరుడి విషయంలో నాకు బాధ కలిగించినది ఇదే. ఆయన నోరు తెరిచి ఆపమని అడగవలసిన సమయం పదకొండున్నరకూ కాంటాకూ మధ్య ఉన్న కొద్దిసేపే, ఆ సంగతి ఆయనకు చెప్పినవారు లేరు.

పాత ధరలన్నీ రద్దు చేయాలన్న ఖరీదుదారు గారి సూచనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఒక లాట్‌కు అప్పటికే మంచి ధర పడి ఉంటే, దాన్ని తుడిచివేయడం రైతు నోటి దగ్గర కూడు తీసివేయడమే. పాత ధర నిలిచి ఉంటుందని, వేసినవారు కావాలంటే మార్చుకోవచ్చని, కొత్తవారు కూడా వేయవచ్చని చెబితే చట్టానికీ సరిపోతుంది, ఇరువైపులా మర్యాద నిలుస్తుంది.

జవాబు 3: కాజీపేట నుంచి, సర్వర్లు నిర్వహించే ఉద్యోగి

ప్రశ్నలో అందరూ దాటిపోయిన ఒక మాట ఉంది: కొందరికి పనిచేసింది, కొందరికి పనిచేయలేదు. అసలు అన్యాయం అక్కడే ఉంది. అందరికీ ఒకేసారి ఆగితే నష్టం అందరికీ సమానం, ఆగిన సంగతి అందరికీ తెలుస్తుంది, వేలం ఆపడానికి ఎవరూ వెనుకాడరు. సగం మందికి ఆగినప్పుడు బయటికి వేలం మామూలుగానే సాగుతున్నట్టు కనిపిస్తుంది, గడువు గడియారం తిరుగుతూనే ఉంటుంది, పోటీ మాత్రం సగానికి పడిపోతుంది. షెడ్డులోని వైఫై సతాయించినా, ఒక కంపెనీ సిమ్‌కు సిగ్నల్ పోయినా, లాగిన్ చూసే విభాగం ఒక్కటే కుప్పకూలినా ఫలితం ఇదే.

దీన్ని కనిపెట్టడం సాంకేతికంగా కష్టమైన పని కాదు. నిమిషానికి ఎందరు ధర వేస్తున్నారు, ఎన్ని ప్రయత్నాలు విఫలమవుతున్నాయి అన్నది సర్వర్ చిట్టాలో సెకన్లతో సహా నమోదు చేయవచ్చు. విఫలమైనవి ఒక హద్దు దాటగానే గడియారం దానంతట అదే ఆగేలా రాయవచ్చు. బ్యాంకులు తాకట్టు ఆస్తులను ఆన్‌లైన్‌లో వేలం వేసేటప్పుడు, చివరి నిమిషాల్లో కొత్త ధర పడితే గడువు కొన్ని నిమిషాలు దానంతట అదే పెరిగే పద్ధతి ఇప్పటికే ఉంది.

పొడిగింపు ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఒక సంఘటన గుర్తు చేస్తాను. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉదయం 11.40కి లావాదేవీలు నిలిచిపోయాయి. మామూలుగా 3.30కు ముగియవలసిన మార్కెట్ ఆ రోజు 3.45కు మళ్లీ మొదలై 5 గంటల వరకు సాగింది. పొడిగిస్తారన్న కబురు ఆలస్యంగా రావడం వల్ల, అప్పటికే పలువురు బ్రోకర్లు ఖాతాదారుల ఆనాటి లావాదేవీలను మరో ఎక్స్ఛేంజ్‌లో ముగించివేశారు, వారిలో కొందరికి నష్టం వచ్చింది. సమయం తిరిగి ఇచ్చారు కానీ, ఇస్తామన్న మాట సకాలంలో చెప్పలేదు. 1999 జూన్‌లో ఆన్‌లైన్ వేలాల సంస్థ ఈబే దాదాపు 22 గంటలు ఆగిపోయినప్పుడు ఆ సంస్థ అమ్మకందారులకు రుసుములు తిరిగి ఇచ్చింది, వేలాల గడువు పెంచింది. అక్కడ అమ్మేవారి వస్తువు ఇంట్లోనే భద్రంగా ఉంటుంది కాబట్టి ఒక రోజు గడువు పెరిగినా వారికి పోయేది తక్కువ. మిర్చి బస్తా యార్డులో ఎండకు ఆరి తూకం తగ్గుతుంది, మబ్బు పడితే రైతు గుండె ఆగినంత పని అవుతుంది.

జవాబు 4: నిజామాబాద్ పసుపు రైతు

కాజీపేట తమ్ముడు చివర చెప్పిన మాట దగ్గరే నేను ఆగుతాను. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్‌ను (వ్యవసాయ మార్కెట్లలో ఆన్‌లైన్ వేలం నడిపే జాతీయ వేదికను) 21 మార్కెట్లతో ప్రారంభించినప్పుడే మా నిజామాబాద్, మీ వరంగల్ రెండూ అందులో ఉన్నాయి. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఏమిటంటే, ధరను కాదనే హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, కాదన్న రాత్రి సరుకు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలి. ఉడకబెట్టి ఆరబెట్టిన పసుపు కొమ్ము పది రోజులు ఆగినా ఏమీ కాదు, కాబట్టి నేను ధైర్యంగా కాదనగలను. మిర్చి రైతుకు అంత ధైర్యం ఉండదు, టమాట రైతుకు అసలే ఉండదు. సర్వర్ ఆగినందువల్ల అమ్మకం వాయిదా పడిన లాట్లకు ఆ రాత్రి షెడ్డు, తాడిపత్రి, కాపలా ఉచితంగా ఇవ్వాలి, రెండోసారి హమాలీ ఖర్చు రైతు మీద వేయకూడదు. ఇది లేకుండా మళ్లీ వేలం వేస్తామన్నా, ఆగలేని రైతు మొదటి ధరకే తల ఊపుతాడు.

మళ్లీ జవాబు: వరంగల్ ఖరీదుదారు

వకీలు సాబ్ చెప్పినది ఆలోచించాను. వేసినవారు మార్చుకునే వీలు ఉన్నప్పుడు పాత ధర నిలిపి ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే మార్చుకోవడానికి ఇచ్చే సమయం అరగంటకు తగ్గకూడదు, మళ్లీ తెరుస్తున్న సంగతి మైకులోనూ ఫోన్ సందేశంగానూ రెండు విధాలా చెప్పాలి. మధ్యాహ్నం రెండు దాటితే మాత్రం ఆ రోజు తెరవవద్దు. కాంటాలు రాత్రి వరకు సాగితే తూకం వేసే దడ్వాయిలకూ హమాలీలకూ ఇబ్బంది, దీపం వెలుగులో తూకం మీద నమ్మకం ఎవరికీ ఉండదు.

ప్రశ్న వేసిన రైతు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నా అమ్మకం తిరిగి రాదని అర్థమైంది. సోమవారం మార్కెట్ కార్యదర్శి గారికి రెండు విషయాలు మాత్రమే రాసి ఇస్తాను. ఆ రోజు పదకొండు నుంచి పదకొండున్నర వరకు విఫలమైన ధరల చిట్టా బయట పెట్టాలని మొదటిది. ఇకపై సర్వర్ ఆగిన లాట్లకు కాంటా పెట్టే ముందు ఆ సంగతి రైతుకు చెప్పి సంతకం తీసుకోవాలని రెండోది. ఆ రోజు ధర వేయలేకపోయిన ఖరీదుదారును నిన్న ఫోన్‌లో అడిగితే, దరఖాస్తు కింద తానూ సంతకం పెడతానని, తన ఫోన్‌లో తీసి ఉంచిన తెర బొమ్మలు కూడా జతచేస్తానని అన్నాడు. వాటి మీద సమయం 11.14 అని ఉందట.