పోచంపల్లి పట్టు: మగ్గం మీద నేసిందో పవర్‌లూమ్‌దో ఎలా తెలుసుకోవాలి?

శ్రావణి_ఖమ్మం
అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా చెల్లి పెళ్లి. పెట్టుబడి చీరలు కొనేశాం, చెల్లికి మాత్రం అసలైన పోచంపల్లి పట్టు కావాలని అమ్మ కోరిక. హైదరాబాద్‌లో ఒక షాపులో ఆరున్నర వేలకు ఒకటి చూపించారు, సిల్క్ మార్క్ ట్యాగ్ ఉంది, ప్యూర్ హ్యాండ్లూమ్ అన్నారు. ఇంచుమించు అదే డిజైన్ ఇంకో చోట పదహారు వేలు. వెనక్కి తిప్పి చూస్తే రెండింటికీ రెండు వైపులా రంగు ఒకేలా ఉంది, కాబట్టి ప్రింట్ కాదనుకుంటున్నా. మరి అంత తేడా ఎందుకు? ట్యాగ్ ఉంటే నమ్మొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, అమ్మకి ఇదే టెన్షన్.

పుట్టపాక_కోడలు
శ్రావణి గారూ, మాది నేత ఇల్లు, నేను ఆసు పోస్తాను, కాబట్టి నా వైపు నుంచి చెప్తా. మా చీరలో సగానికి పైగా పని మగ్గం ఎక్కకముందే అయిపోతుంది. ముందు డిజైన్‌ని గ్రాఫ్ పేపర్ మీద వేస్తారు. పేక దారాన్ని, అంటే చీరలో అడ్డంగా వచ్చే దారాన్ని, ఆసు మీద పోయాలి, అంటే ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు ఉంటాయి, చేత్తో దారం పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూనే ఉండాలి, ఒక్క చీరకి వేల సార్లు. భుజం పట్టేస్తుంది. మా ప్రాంతంలో ఈ పని ఆడవాళ్లదే, చాలా ఇళ్లలో దీనికి విడిగా కూలి కూడా లెక్కపెట్టరు. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ కష్టం చూసి లక్ష్మీ ఆసు మిషన్ కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అది వచ్చాకే చాలామంది ఆడవాళ్ల చేతులకి కాస్త విశ్రాంతి దొరికింది.

ఆసు పోశాక గీతలు గీసి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కట్టాలి. దీన్నే చిటికి కట్టడం అంటాం. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొత్తవి కట్టి, మళ్లీ ఇంకో రంగు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఇలా దారానికి ముందే కట్లు కట్టి రంగు వేసి నేసేదాన్నే ఇకత్ అంటారు. తర్వాత ఆ దారాన్ని వరస తప్పకుండా కండెలకు, అంటే నేసేటప్పుడు పేక దారం విడిచే చిన్న గొట్టాలకు, చుట్టాలి. వరస తప్పితే నేసేటప్పుడు పువ్వు పువ్వులా రాదు.

ఇప్పుడు మీ ధర సంగతి. డిజైన్ పడుగులో, అంటే చీర పొడుగునా ఉండే దారాల్లో మాత్రమే ఉంటే, ఆ రంగుల పడుగుని పవర్‌లూమ్ మీదికి ఎక్కించి మామూలు పేకతో నేసేయొచ్చు. అది ప్రింట్ కాదు, రెండు వైపులా రంగు ఉంటుంది, అందుకే మీకు తేడా తెలియలేదు. పేకలో కూడా డిజైన్ ఉంటే అంత సులువు కాదు, నాడె (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది) వేసిన ప్రతిసారీ దారాన్ని వేలితో అటూ ఇటూ జరిపి గుర్తుకి గుర్తు కలపాలి. పడుగూ పేకా రెండింటిలోనూ డిజైన్ ఉండి, రెండూ ఒకే చోట కలిసేదాన్ని డబుల్ ఇకత్ అంటారు. అందుకే దాని ధర అంత.

గుర్తు పట్టడం ఎలా అంటే, బొమ్మ అంచులు చూడండి. చీర పొడుగు వైపు మాత్రమే రంగు కాస్త చెదిరినట్టుంటే పడుగు ఇకత్. అడ్డంగా చెదిరితే పేక ఇకత్. రెండు వైపులా ఉంటే డబుల్. గీత గీసినట్టు నాలుగు వైపులా నున్నగా ఉంటే అనుమానించండి.

రమణమూర్తి_ఎల్బీనగర్
అమ్మా, ట్యాగుల గురించి ఒక్క మాట. సిల్క్ మార్క్ చెప్పేది అది స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే. మగ్గం మీద నేశారా, మిషన్ మీద నేశారా అన్నది దాని పరిధిలో లేదు. పవర్‌లూమ్ పట్టుకీ అది ఉండొచ్చు, అందులో మోసం లేదు. చేతి నేతకి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. పోచంపల్లి ఇకత్‌కి 2005లో వచ్చిన జీఐ గుర్తింపు, అంటే అది ఆ ప్రాంతపు సరుకే అని చెప్పేది, ఈ గుర్తుల్లో మూడోది. షాపులో ఒక్కటి చూపించి మూడూ ఉన్నట్టు మాట్లాడతారు, అది నాకు చాలా కోపం తెప్పించే విషయం. బిల్లు మీద "చేనేత పట్టు" అని రాసివ్వమనండి. రాయడానికి వెనకాడితే బయటికి వచ్చేయండి.

అంచుల దగ్గర సూది రంధ్రాలుంటే చేనేతే అని యూట్యూబ్‌లో చెప్తున్నారు, దాన్ని నమ్ముకోవద్దు. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా సూదులున్న కర్ర పెడతారు నిజమే, కానీ పవర్‌లూమ్‌లో కూడా బట్టని అలా పట్టి ఉంచే పరికరం ఉంటుంది, గుర్తులు పడతాయి.

ప్రింట్ సంగతి తేల్చుకోవాలంటే కొంగు చివర కుచ్చులు వేయని చోట ఒక పేక దారం లాగి చూడండి. దారం మీద దారం కూర్చున్న చోటికి ప్రింట్ రంగు చేరదు, అక్కడక్కడా తెల్ల చుక్కలు కనిపిస్తాయి. ముందే ముంచిన దారంలో అలా ఉండదు.

కిరణ్_హన్మకొండ
అందరూ పదహారు వేలు పెట్టలేరు కదండీ. ఆరున్నర వేల చీర కూడా అందంగానే ఉంటుంది, పవర్‌లూమ్ నడిపేవాళ్లవీ కుటుంబాలే. కొంటే తప్పేంటి?

పుట్టపాక_కోడలు
కిరణ్ తమ్ముడూ, కొనడం తప్పని నేను అనట్లేదు. పవర్‌లూమ్ చీరని పవర్‌లూమ్ చీర అని చెప్పి అమ్మితే మాకు గొడవే లేదు. మగ్గం పేరు చెప్పి అమ్మినప్పుడే మాకు దెబ్బ, ఎందుకంటే అదే ధరకి మేమూ ఇవ్వాలని షావుకార్లు మమ్మల్ని అడుగుతారు. కొన్ని రకాల చీరల్ని చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం కూడా వచ్చింది, అమలు చేసేవాళ్లు ఉండాలి అంతే. బడ్జెట్ తక్కువైతే చేనేతలోనే సింగిల్ ఇకత్, అంటే పడుగులోనో పేకలోనో ఒక్కదాంట్లోనే డిజైన్ ఉన్నది తీసుకోవచ్చు, లేదా కాటన్ చూడండి. అసలు మా వైపు ముందు నుంచీ ఉన్నది నూలే, పోచంపల్లి వాళ్లు పట్టు నేత నేర్చుకుని వచ్చింది 1970 ప్రాంతంలో, బెంగళూరు వెళ్లి.

శ్రావణి_ఖమ్మం
చాలా థాంక్స్ అండీ. ఆరున్నర వేల చీర ఫొటో పెద్దది చేసి చూశా, చెదిరింది పొడుగు వైపే. పడుగు ఇకత్ అన్నమాట. అక్కా, నేరుగా ఊరికి వస్తే మాకు కావాల్సిన రంగులో నేయించుకోవచ్చా? చెల్లికి ముదురు ఆకుపచ్చ మీద కుంకుమ రంగు కావాలట.

పుట్టపాక_కోడలు
నేయించుకోవచ్చు, కానీ రంగు మాట చిటికి కట్టకముందే తేలాలి, తర్వాత మార్చడం మా చేతుల్లో ఉండదు. పడుగు ఒక్క చీరకి వేయరు, ఆరేడు చీరలకి కలిపి వేస్తారు, కాబట్టి పడుగు రంగు మీ ఒక్కరి కోసం పెట్టమంటే ఎవరూ ఒప్పుకోరు. ఇప్పటికే ఆకుపచ్చ పడుగు మగ్గం మీద ఉన్న ఇల్లు దొరికితే పేక, కొంగు మీకు నచ్చినట్టు చేయిస్తారు. డబుల్ ఇకత్ అయితే ఇప్పుడు మొదలుపెట్టించి మాఘానికి అందుకోవడం కష్టం, తయారుగా ఉన్నవాటిలో చూసుకోండి. సింగిల్ అయితే ఈ నెలలోనే రండి. పోచంపల్లి ఒక్కటే చూసి వెళ్లిపోకుండా మా పుట్టపాకకి కూడా రండి. మగ్గం నడిచే ఇంట్లోకి వెళ్లి అడిగితే చిటికి కట్టిన దారం చేతికిచ్చి మరీ చూపిస్తారు.