రాత్రి కూడా కోడేనా? దాన్ని హాబీ అంటారా?

సెమికోలన్: పగలంతా ఆఫీసులో కోడ్ రాసి, రాత్రి సరదాకి మళ్ళీ కోడే రాస్తే అది హాబీ ఎలా అవుతుంది? కంప్యూటర్ శాస్త్రంలో దిగ్గజం డొనాల్డ్ క్నూత్ అంతటివాడే ఇంట్లో పైప్ ఆర్గన్ పెట్టించుకుని వాయించాడు. చేతులకి వేరే పని ఉండాలి.

పాతకీబోర్డు: క్నూత్‌ని మీరే తెచ్చారు కాబట్టి చెప్తున్నా. తన పుస్తకం అచ్చు నచ్చక 1977లో టెక్ (TeX) అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చున్నాడు. వెర్షన్ నంబర్ 3.14, 3.141 అంటూ ‘పై’ విలువకి దగ్గరవుతుంది. ఇది సరదా కాదా? లినక్స్ తయారుచేసిన టోర్వాల్డ్స్ కూడా 1991 ఆగస్టులో తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చెప్తూ అది ఉత్త హాబీయే అన్నాడు.

రాత్రిపక్షి: 4 కేబీ ఫైల్లో సంగీతం, కదిలే బొమ్మలు ఇమిడ్చే డెమోసీన్ వాళ్ళ సంగతి?

సెమికోలన్: లినక్స్ ఇప్పుడు హాబీనా?

పాతకీబోర్డు: 1991 అన్నాను. ఇప్పుడు అనలేదు. చదివి మాట్లాడండి.

సెమికోలన్: చదివాను. ఆగస్టులో హాబీ. సెప్టెంబరులో?

నీలిసిరా: ఇంక నెలలు లెక్కపెట్టండి.

సెమికోలన్: నా మంట వేరే. ఒక ఇంటర్వ్యూలో రాసిన కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో నా పేజీ తెరిచి, కోడ్ పెట్టిన రోజులకి పడే ఆకుపచ్చ గళ్ళు లేవని "ఆసక్తి తక్కువలా ఉందే" అన్నారు. పదకొండేళ్ళ పని గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆ రాత్రుళ్ళు నేను బొగ్గుతో బొమ్మలు వేసుకున్నాను. అది ఆసక్తి కాదట!

పాతకీబోర్డు: అడిగినవాళ్ళది తప్పయితే నా మీద పడతారేం? నేను రాసేది ఎవరికీ చూపించను. ఒక అంకె ఇస్తే తెర మీద ఒక చెట్టు మొలుస్తుంది, అంతే. నిన్న 17కి కొమ్మలన్నీ నేలలోకి దిగాయి. కోణం దగ్గర మైనస్ గుర్తు పడింది. ఊడల్లా బాగున్నాయని దిద్దలేదు.

సెమికోలన్: మీరు సరదాకి రాస్తారు. వాళ్ళు దాన్నే కొలతబద్ద చేసి మమ్మల్ని కొలుస్తారు.

నీలిసిరా: మీ ఇద్దరికీ రాత్రుళ్ళున్నాయి. మా పాపకి ఏడాదిన్నర. నిద్రపుచ్చేసరికి పదిన్నర. నాకు బొగ్గూ లేదు, చెట్టూ లేదు. అప్లికేషన్‌లో సైడ్ ప్రాజెక్టుల గడి ఖాళీగా వదిలి పంపుతున్నాను.

పాతకీబోర్డు: ఆ గడి తీసేయాలి. దీనికి మాత్రం నాకు వాదన లేదు.

సెమికోలన్: ఆ ప్రశ్న ఒకప్పుడు నేనూ అడిగాను. అవతలి మనిషి ఏం చెప్పిందో కూడా గుర్తులేదు.

రాత్రిపక్షి: ఆ 17 చెట్టు స్క్రీన్‌షాట్ పెట్టండి.

పాతకీబోర్డు: చూపించనన్నానుగా.