అప్‌డేట్: జీఆర్ఈ పదాలు గుర్తుండట్లేదని అడిగాను కదా

జీఆర్ఈ (విదేశాల్లో పీజీ చదవడానికి రాసే పరీక్ష) కోసం పొద్దున చదివిన ఇంగ్లిష్ పదాలు రాత్రికి మర్చిపోతున్నాను, ఏం చేయాలని అడిగింది నేనే. లిస్టు బట్టీ పట్టడం ఆపి లాటిన్ మూలాలు పట్టుకోమని చాలామంది చెప్పారు, అది నిజంగా పనిచేసింది, అందరికీ థ్యాంక్స్. లాటిన్‌లో 'లొక్వి' అంటే మాట్లాడటం అని తెలిశాక లొక్వేషస్ (వాగుడుకాయ), ఎలొక్వెంట్ (అనర్గళంగా మాట్లాడేవాళ్లు), సొలిలొక్వి (స్వగతం), వెంట్రిలొక్విస్ట్ (పెదవులు కదపకుండా బొమ్మే మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు) అన్నీ ఒకే గుత్తిలా వచ్చేశాయి.

కానీ మూలాలను గుడ్డిగా నమ్మొద్దు. సాంగ్విన్, సాంగ్వినరీ రెండూ రక్తం అనే లాటిన్ మాట నుంచే వచ్చాయి, అయినా మొదటిదానికి ఆశావహమైన అని, రెండోదానికి రక్తపాతంతో కూడిన అని అర్థం! ఎనర్వేట్ ఇంకా ఘోరం, ఎనర్జీ ఇస్తుందేమో అనిపిస్తుంది, అర్థమేమో నీరసపరచడం. ఇలాంటివాటికి వాక్యంలో చూసి నేర్చుకోవడమే దారి. పైగా 2011లో పరీక్షలో వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేసి, వాక్యంలో ఖాళీలు నింపేవాటికే ప్రాధాన్యం ఇచ్చారు కాబట్టి మార్కులకు కూడా ఇదే మంచిది.

తప్పిన పదాలు త్వరగా, వచ్చినవి ఆలస్యంగా మళ్లీ చూపించే ఆంకీ యాప్ కూడా వాడుతున్నాను. పరీక్ష ఇంకా రాయలేదు, టెన్షన్ మాత్రం బాగా తగ్గింది.